షెవ్రొలే ట్రావర్స్ బండి కోసం రెండేళ్ళు జీఎం క్రెడిట్ కార్డు గీకిన ఒక ఫ్యామిలీ: మొత్తం లెక్క

2022 మార్చిలో డాలస్ దగ్గర ఫ్రిస్కో నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, జీఎం, అదే జనరల్ మోటార్స్ కార్ల కంపెనీ వాళ్ళ క్రెడిట్ కార్డు ఎక్కడ గీకినా డాలర్‌కి 4 పాయింట్లు ఇస్తున్నారంట, అంటే 4 శాతం కదా, నా దగ్గరున్నది 2 శాతమే ఇస్తుంది, ఇంకా ఆలోచించేదేముంది, తీసేసుకోనా?" అని. నేను ఆగమన్నాను. ఆ ఆగమన్న దగ్గర్నుంచి 2024 ఏప్రిల్‌లో బండి ఇంటికి వచ్చేదాకా ఏం జరిగిందో, ఎక్కడ లాభం వచ్చిందో, నా వల్ల ఎక్కడ తప్పు జరిగిందో అంతా వాళ్ళ పర్మిషన్‌తోనే రాస్తున్నాను, పేర్లు మాత్రం పెట్టట్లేదు.

నా సంగతి రెండు ముక్కల్లో. డాలస్ ఏరియాలో ఒక డీలర్‌షిప్‌లో ఫైనాన్స్ డెస్క్ మీద ఎనిమిదేళ్ళు పనిచేశాను, అంటే బేరం అయిపోయాక లోపల గదిలో కూర్చోబెట్టి లోన్ పేపర్లు, వారంటీలు చూపించేవాడిని. 2020లో అది మానేసి ఇప్పుడు టేబుల్‌కి ఇవతలి వైపు కూర్చుంటున్నాను, కార్ కొనే ఫ్యామిలీలకి ఫ్లాట్ ఫీజు తీసుకుని లెక్కలు చూసిపెడతాను.

ఈ ఫ్యామిలీలో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, ఆవిడది వర్క్ ఫ్రమ్ హోమ్, ఇద్దరు పిల్లలు. ఒక 2012 కొరోలా, లక్షా నలభై వేల మైళ్ళు తిరిగింది, ఇంకో చిన్న కార్ ఆయన ఆఫీసుకి. ఆవిడ అమ్మానాన్నలు గుంటూరు నుంచి ఏడాది విడిచి ఏడాది ఆరు నెలలు వచ్చి ఉంటారు, అప్పుడు ఆరుగురు ఒకే బండిలో కదలాలంటే కుదరదు, రెండు కార్లు వేసుకుని గుడికి వెళ్ళాల్సిందే. అందుకని మూడు వరసల బండి కావాలి. కానీ 2022 అంటే గుర్తుందిగా, చిప్‌ల కొరత, లాట్‌లో బండ్లు లేవు, ఉన్నదాని మీద డీలర్లు మార్కెట్ అడ్జస్ట్‌మెంట్ అని స్టిక్కర్ పైన ఇంకో స్టిక్కర్ అంటించి వేలకి వేలు ఎక్కువ అడిగే రోజులు. కొరోలా ఇంకా నడుస్తోంది కాబట్టి రెండేళ్ళు ఆగుదాం అని వాళ్ళే అనుకున్నారు. ఆ రెండేళ్ళ గ్యాప్‌లోనే ఈ కార్డు ఆలోచన వచ్చింది, అది మంచి ఆలోచనే.

అప్పట్లో ఆ కార్డు గోల్డ్‌మన్ శాక్స్ బ్యాంకు చేతిలో ఉంది. యాన్యువల్ ఫీజు లేదు, ఎక్కడ ఖర్చుపెట్టినా డాలర్‌కి 4 పాయింట్లు, జీఎం దగ్గరే ఖర్చుపెడితే, అంటే సర్వీసు, పార్ట్స్ లాంటివాటికి, 7 పాయింట్లు, మొదటి మూడు నెలల్లో వెయ్యి డాలర్లు వాడితే 15,000 పాయింట్లు బోనస్. 10,000 పాయింట్లు అంటే కొత్త జీఎం బండి మీద 100 డాలర్లు. జీఎం అంటే షెవ్రొలే, జీఎంసీ, బ్యూక్, క్యాడిలాక్ ఈ నాలుగే. ఇవి కాకుండా ఇంకేదన్నా కొంటే ఆ పాయింట్లకి అంత విలువ ఉండదు.

ఇక్కడే అందరూ లెక్క తప్పు వేస్తారు, ఆయన కూడా అలాగే వేసుకున్నాడు. వాళ్ళు కార్డు మీద నెలకి సుమారు 2,300 డాలర్లు పెడతారు, సరుకులు, గ్యాస్ అంటే పెట్రోలు, ఇన్సూరెన్స్, ఫోన్లు అన్నీ కలిపి. డేకేర్ వాళ్ళు కార్డుకి 3 శాతం ఎక్స్‌ట్రా అడుగుతారు కాబట్టి అది చెక్కు మీదే. రెండేళ్ళకి 55,200 డాలర్లు, దానిమీద 4 శాతం 2,208, బోనస్ 150, మొత్తం 2,358. ఆయన ఎక్సెల్‌లో ఆ 2,358ని పసుపు రంగేసి పెట్టుకున్నాడు. నేను చెప్పింది ఏంటంటే తమ్ముడూ, ఇది నీ లాభం కాదు, ఇదే ఖర్చు 2 శాతం క్యాష్ బ్యాక్ కార్డు మీద పెడితే నీకు 1,104 డాలర్లు వస్తాయి, కొత్తగా తీసుకుంటే ఇంకో 200 బోనస్, మొత్తం 1,304, అది క్యాష్, దాంతో టొయోటా కొనుక్కో, పిల్లల ఫీజు కట్టుకో, ఊరికి టికెట్ కొనుక్కో, ఎవరూ అడగరు. కాబట్టి జీఎం కార్డు వల్ల నీకు మిగిలేది 2,358 లోంచి 1,304 తీసేసిన 1,054 మాత్రమే, అదీ జీఎం బండి కొంటేనే. కొనకపోతే ఏమైనట్టు, పాయింట్ల విలువ సున్నా అనుకుంటే రావాల్సిన 1,304 కూడా పోయినట్టు.

కుదిరితే 1,054 లాభం, కుదరకపోతే 1,304 నష్టం. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, జీఎం కొనే ఛాన్సు నూటికి 55 కంటే ఎక్కువ ఉందని నీకు గట్టి నమ్మకం ఉంటేనే ఈ కార్డు పనికొస్తుంది, యాభై యాభై అయితే 2 శాతం కార్డే నయం. మామూలుగా ఎవరినడిగినా "చూద్దాంలే, అప్పటికి ఏది బావుంటే అది" అంటారు. ఆ మాట అన్నవాళ్ళకి నేను ఏ కంపెనీ కార్డూ ఇప్పించను.

అందుకే కార్డు సంగతి పక్కన పెట్టి ముందు బండి తేల్చుకోమన్నాను. రెండు వీకెండ్లు రెండు బండ్లు రెంట్‌కి తెచ్చుకోమన్నాను, ఒకసారి టొయోటా హైలాండర్, ఒకసారి షెవ్రొలే ట్రావర్స్. రెంట్‌కి డబ్బు దండగ అని ఆయన కొంచెం గునిశాడు గానీ నలభై వేల బండి కొనేముందు రెండొందలు దండగ కాదు. అత్తమ్మ, మామయ్య ఆ టైమ్‌లో ఇక్కడే ఉన్నారు. టెస్ట్ డ్రైవ్ అంటే సేల్స్ అబ్బాయి పక్కన కూర్చుని పది నిమిషాలు హైవే మీద తిప్పి తెచ్చేస్తాడు, అందులో మూడో వరసలో అరవై ఏడేళ్ళ మనిషి ఎలా ఎక్కుతుందో తెలీదు కదా.

హైలాండర్‌లో అత్తమ్మగారు మూడో వరసలో కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి వచ్చాయి. పాపం ఏమీ అనలేదు, "పర్లేదులే నాయనా, దగ్గరే కదా" అంది, లేక్ టెక్సోమా దాకా గంటన్నర అలాగే కూర్చుంది, దిగేటప్పుడు మాత్రం డోర్ పట్టుకుని రెండు నిమిషాలు నిలబడిపోయింది. ఇంకో పరీక్ష నేను పెట్టించాను, ఇంట్లో ఉన్న 23 కిలోల ఎయిర్‌పోర్ట్ సూట్‌కేసులు నాలుగూ తెచ్చి, మూడో వరస సీట్లు లేపి ఉంచి వెనకాల పెట్టి చూడమన్నాను. హైలాండర్‌లో మూడో వరస వెనక 16 క్యూబిక్ ఫీట్ల చోటు, అప్పటి ట్రావర్స్‌లో 23. కాగితం మీద ఏడు తేడా అంటే ఏమీ అనిపించదు. హైలాండర్‌లో రెండు పెట్టెలు పెట్టి డోర్ వెయ్యబోతే మూడోది డ్రైవ్‌వేలోనే ఉండిపోయింది, ట్రావర్స్‌లో మూడు నిలబెట్టి నాలుగోది పైన అడ్డంగా తోస్తే డోర్ పడింది, ఆయన ఆ ఫోటో తీసి నాకు పంపించాడు, వెనకాల అద్దంలోంచి ఏమీ కనపడట్లేదు కానీ డోర్ మాత్రం పడింది.

ఆవిడకి మాత్రం హైబ్రిడ్ మీద మనసు. "అన్నయ్యా, గ్యాస్ సంగతి కూడా చూడండి" అంది, కరెక్టే అడిగింది. హైలాండర్ హైబ్రిడ్ గ్యాలన్‌కి 36 మైళ్ళు, ఆ ట్రావర్స్ వీ6 ఇంజన్‌తో 21. వాళ్ళు ఈ బండిని ఏడాదికి 9,000 మైళ్ళు తిప్పుతారు అనుకుంటే ట్రావర్స్‌కి 429 గ్యాలన్లు, హైబ్రిడ్‌కి 250. గ్యాలన్ 3 డాలర్లకే లెక్కేసినా, అప్పుడు 4 దాటింది అది వేరే సంగతి, ఏడాదికి 536 డాలర్ల తేడా. అంటే కార్డు వల్ల వచ్చే 1,054 రెండేళ్ళ గ్యాస్‌కే చెల్లు. ఇది చూపించాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు. నాకు కావాల్సింది కూడా అదే, ఎందుకంటే కార్డు పాయింట్లని చూసి బండి సెలెక్ట్ చేసుకునేవాళ్ళని ఫైనాన్స్ డెస్క్ మీద ఎనిమిదేళ్ళు చూశాను. పాత బీయమ్‌డబ్ల్యూలో వచ్చినా, హోండాలో వచ్చినా, పాయింట్లు పోతాయేమో అని ఇష్టం లేని బండి మీద సంతకం పెడతారు. కార్డు పాయింట్లు బండి ధరలో చిన్న ముక్క, అది ఐదారు శాతానికి మించదు, మిగతా తొంభై నాలుగు శాతం నీ జేబులోంచే.

వారం తర్వాత వాళ్ళిద్దరే కూర్చుని తేల్చుకున్నారు, ట్రావర్స్. కారణం పాయింట్లు కాదు, అత్తమ్మగారి మోకాళ్ళు, నాలుగు పెట్టెలు. హైబ్రిడ్‌కి నెలల తరబడి వెయిటింగ్ ఉండటం కూడా కొంత. ఆవిడే ఫోన్ చేసి "మేం ఫిక్స్ అయ్యాం అన్నయ్యా, గ్యాస్ ఎక్కువైనా పర్లేదు" అంది. నమ్మకం నూటికి ఎంత అన్నాను. "ఎనభై" అంది. అప్పుడు కార్డుకి అప్లై చెయ్యమన్నాను, 2022 ఏప్రిల్‌లో వచ్చింది.

రెండు షరతులు పెట్టాను. ఒకటి, నెల నెలా ఫుల్ బిల్లు కట్టాలి, మినిమమ్ కట్టి వదిలేస్తే వద్దు. 24 శాతం వడ్డీ ఉన్న కార్డు మీద బ్యాలెన్స్ ఉంచితే నెలకి 2 శాతం పోతుంది, రెండు నెలల్లో 4 శాతం రివార్డు మాయం, మూడో నెల నుంచి ఎదురు కట్టడమే. రెండు, పాయింట్లు రెండేళ్ళకి మించి దాచకూడదు.

రెండో షరతుకి కారణం ఈ కార్డుల చరిత్రే. జీఎం కార్డు మొదలైంది 1992 సెప్టెంబర్‌లో, హౌస్‌హోల్డ్ బ్యాంక్‌తో. అప్పట్లో 5 శాతం, కానీ ఏడాదికి 500 డాలర్లే సంపాదించుకోవచ్చు, ఏడేళ్ళకి 3,500. మరుసటేడు 1993లో ఫోర్డ్ వాళ్ళు సిటీబ్యాంక్‌తో అలాంటిదే తెచ్చారు, 1997తో ఆ రిబేటు ఆపేశారు. జీఎం కార్డేమో హౌస్‌హోల్డ్‌ని హెచ్‌ఎస్‌బీసీ కొనడంతో అటు వెళ్ళింది, 2012లో క్యాపిటల్ వన్ దగ్గరికి, 2022లో గోల్డ్‌మన్ శాక్స్‌కి, 2025లో బార్క్లేస్‌కి. నేను డెస్క్ మీద ఉన్న రోజుల్లో అది క్యాపిటల్ వన్‌ది, ఏడాదిలో మొదటి 5,000 డాలర్లకి 5 శాతం, ఆ తర్వాత 2 శాతం, అంటే ఎక్కువ గీకేవాళ్ళకి పైన మిగిలేది ఏమీ లేదు. బ్యాంకు మారినప్పుడల్లా రూల్స్ మారే ఛాన్సు ఉంటుంది, పాయింటు అంటే డబ్బు కాదు, వాళ్ళు ఇస్తామన్న మాట, ఆ మాట మీద పదేళ్ళ ప్లాన్ వెయ్యకూడదు.

రెండేళ్ళూ బాగానే నడిచింది, నెలకి ఒకసారి మెసేజ్‌లో పాయింట్లు ఎన్నో పంపేవాడు. నా తప్పు జరిగింది 2024 జనవరిలో.

వాళ్ళ ఇంటికి ఎస్క్రో లేదు, అంటే ఇంటి లోన్ కంపెనీ నెలనెలా వసూలు చేసి ట్యాక్స్ కట్టడం లేదు, ప్రాపర్టీ ట్యాక్స్ వాళ్ళే కట్టుకుంటారు, టెక్సస్‌లో జనవరి 31 లోపు కట్టాలి. 8,000 డాలర్లు. కార్డు మీద కడితే 2.2 శాతం ఫీజు, అంటే 176, కానీ పాయింట్లు 4 శాతం లెక్కన 320 వస్తాయి, 144 మిగులు, కట్టెయ్యి అన్నాను. లెక్క కరెక్టే. కానీ ఆయన కార్డు లిమిట్ 12,000 అన్నది నేను అడగలేదు. ట్యాక్స్, ఫీజు, ఆ నెల ఇంటి ఖర్చు కలిపి 10,476 అయింది, అంటే లిమిట్‌లో 87 శాతం, ఫిబ్రవరి స్టేట్‌మెంట్‌తో అదే నంబర్ క్రెడిట్ బ్యూరోకి వెళ్ళింది. సరిగ్గా ఆ వారమే లోన్ రేటు కనుక్కుందామని ఒక క్రెడిట్ యూనియన్‌కి వెళ్ళాడు. 770ల్లో ఉండే క్రెడిట్ స్కోరు 719 చూపించింది. 6.24 రావాల్సిన రేటు 6.99 అన్నారు. 30,000 లోన్ ఐదేళ్ళకి తీసుకుంటే ఆ తేడా 630 డాలర్లు. 144 కోసం చూసి 630 పోగొట్టబోయాను. ఆయన ఏమీ అనలేదు, "ఇప్పుడేం చేద్దాం అన్నా" అన్నాడు అంతే, నాకే ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

చేసింది ఏంటంటే బిల్లు మొత్తం ఆ రోజే కట్టించి, బండి కొనడం ఒక స్టేట్‌మెంట్ వెనక్కి జరిపాం. కార్డు వాడకం వల్ల పడిన స్కోరు, బ్యాలెన్స్ దిగగానే మళ్ళీ లేస్తుంది, అది పాత నెలలని గుర్తుపెట్టుకోదు, మార్చి చివరికి 760ల్లోకి వచ్చేసింది, పాత రేటే దొరికింది. అప్పట్నుంచి కార్ లోన్‌కి మూడు నెలల ముందు ఏ పెద్ద ఖర్చూ కార్డు మీద పెట్టనివ్వను, కొత్త కార్డుకి అప్లై చెయ్యనివ్వను. కార్ లోన్ కోసం నాలుగు బ్యాంకులు రెండు వారాల్లో స్కోరు చూసినా ఒక్క ఎంక్వైరీగానే లెక్కేస్తారు, కానీ క్రెడిట్ కార్డు ఎంక్వైరీ అందులో కలవదు, అది విడిగా పడుతుంది. కొత్తగా హెచ్1 మీద వచ్చి క్రెడిట్ హిస్టరీ ఏడాది కూడా లేనివాళ్ళకి ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది.

ఇక బేరం. అప్పటికి కొత్త మోడల్ ట్రావర్స్ ప్రకటించేశారు, పాత మోడల్‌నే ట్రావర్స్ లిమిటెడ్ పేరుతో అమ్ముతున్నారు, వాళ్ళు పెట్టెలు పెట్టి చూసింది ఆ పాతదే కాబట్టి దానికే వెళ్ళాం, దానిమీద తగ్గింపు కూడా ఎక్కువ. ఐదుగురు డీలర్లకి ఒకే మెయిల్ పెట్టించాను, ఫలానా బండి, ఔట్ ద డోర్ ధర ఎంత, ట్యాక్స్, టైటిల్, డాక్ ఫీ (డీలర్ పేపర్ వర్క్ ఫీజు) అన్నీ కలిపి ఒకే నంబర్ చెప్పండి అని. కార్డు పాయింట్ల ఊసు ఎత్తొద్దు అని గట్టిగా చెప్పాను. ఒకళ్ళు 41,900 అని రాశారు, శనివారం వెళ్ళారు.

అక్కడ ఏం జరిగిందో ఆయనే చెప్పాడు. సేల్స్ అతను చాలా కలుపుగోలుగా ఉన్నాడు, పిల్లలకి జ్యూస్ ఇచ్చాడు, మాటల్లో "మీకు జీఎం రివార్డ్స్ ఏమన్నా ఉన్నాయా, చెప్తే ఇప్పుడే సిస్టమ్‌లో చూస్తా" అన్నాడు. ఈయన నోరు జారి "రెండు వేల ఆరొందలు పైనే ఉన్నాయి" అన్నాడు. అతను లోపలికి వెళ్ళి పావుగంట తర్వాత కాగితం తెచ్చాడు, పెన్నుతో నాలుగు గళ్ళు గీసి, ఒక గడిలో ధర, ఒక గడిలో డౌన్ పేమెంట్, ఒక గడిలో నెలవారీ, ఇంకో గడిలో పాత బండి. నెలవారీ నంబర్ చుట్టూ మూడుసార్లు సున్నా చుట్టాడు. ధర గడిలో 41,900 కాదు, 43,294 ఉంది. ఏంటిది అంటే ప్రొటెక్షన్ ప్యాకేజీ 1,195, టైర్లలో నైట్రోజన్ 199, "ఇవి ఆల్రెడీ బండిలో పెట్టేశాం సర్, పాయింట్లు ఉన్నాయిగా, మీ జేబులోంచి ఏం పోదు" అన్నాడంట.

పోవడం అంటే ఇదే. రెండేళ్ళు కూడబెట్టిన దాంట్లో సగం పైన ఒక్క పావుగంటలో వాళ్ళ వైపు వెళ్ళిపోతుంది. ఆ పాయింట్ల డబ్బు డీలర్ ఇచ్చేది కాదు, జీఎం నుంచి డీలర్‌కి వస్తుంది. కాబట్టి పాయింట్లు ఉన్నాయని డీలర్ తగ్గించాల్సిందీ లేదు, పెంచాల్సిందీ లేదు, అసలు ధర తేలేదాకా అతనికి ఆ సంగతి తెలియాల్సిన పనే లేదు. ఆవిడ పిల్లల్ని తీసుకుని లేచి నిలబడింది. "రేపు చెప్తామండీ" అని వచ్చేశారు, మంచి పని చేశారు.

మంగళవారం రెండో డీలర్ దగ్గర 41,740, యాడాన్లు ఏమీ లేవు, బయ్యర్స్ ఆర్డర్ అనే కొనుగోలు కాగితం మీద నంబర్ రాసి సంతకాలు అయ్యాక, నేను ఫోన్‌లో ఉండగానే, అప్పుడు పాయింట్లు వాడతాం అన్నాడు. మేనేజర్ కొంచెం ఇబ్బందిగా చూశాడంట గానీ కుదరదు అనలేదు. కాగితం మీద జీఎం పాయింట్లది విడిగా ఒక లైన్ రావాలి, పై ధర మారకూడదు, ఆ రెండూ చూసుకోమన్నాను, చూసుకున్నాడు. ఇంటి ఖర్చు 55,200, ట్యాక్స్ 8,000, మొత్తం 63,200 మీద 2,52,800 పాయింట్లు, బోనస్ 15,000, అంతా కలిపి 2,67,800, అంటే 2,678 డాలర్లు. 41,740 కాస్తా 39,062 అయింది, 9,062కి చెక్కు ఇచ్చి 30,000 లోన్ తీసుకున్నారు.

అసలు లాభం ఎంతంటే 2,678లో ట్యాక్స్ మీద కట్టిన ఫీజు 176 తీసేస్తే 2,502. 2 శాతం కార్డు వాడి ఉంటే వచ్చే 1,304 తీసేస్తే 1,198. రెండేళ్ళకి, అంటే నెలకి 50 డాలర్లు. ఇదేమీ చిన్నది కాదు, వాళ్ళు ఎలాగూ పెట్టే ఖర్చు మీద వచ్చింది, ఇలాంటి రివార్డుని ఐఆర్ఎస్, అంటే ఇక్కడి ఇన్‌కమ్ ట్యాక్స్ శాఖ, రిబేటు కిందే చూస్తుంది కాబట్టి దానిమీద ఇన్‌కమ్ ట్యాక్స్ కూడా లేదు. కానీ ఆ శనివారం నైట్రోజన్‌తో కలిపి సంతకం పెట్టి ఉంటే లాభం మొత్తం పోయి ఇంకా ఎదురు పడేది.

బండి వచ్చిన నెల నుంచే ఇంటి ఖర్చు 2 శాతం కార్డుకి మార్పించేశాను. తర్వాతి బండి ఎనిమిదేళ్ళ తర్వాత, అప్పటికి ఏది కొంటారో వాళ్ళకే తెలీదు. జీఎం కార్డు క్లోజ్ చెయ్యలేదు, సర్వీసుకి వెళ్ళినప్పుడు మాత్రం తీస్తారు. ఈమధ్య అత్తమ్మ, మామయ్య మళ్ళీ వచ్చారు, డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్ట్ నుంచి ఒకే బండిలో ఆరుగురు, నాలుగు పెట్టెలు, పైన ఆవకాయ జాడీ అత్తమ్మగారి ఒళ్ళో.

ఇది విని ఆవిడ చెల్లెలు అట్లాంటా నుంచి ఫోన్ చేసింది, వాళ్ళు టొయోటా అనుకుంటున్నారంట, టొయోటా కార్డు తీసుకోమంటారా అన్నయ్యా అని. ఆ కార్డులో టొయోటా డీలర్ దగ్గర పెట్టే ఖర్చుకే డాలర్‌కి 5 పాయింట్లు, మామూలు ఖర్చుకి ఒక్కటే. నెలంతా పెట్టేది సరుకులు, ఇన్సూరెన్స్, పిల్లల క్లాసులు, దానిమీద ఎంత ఉదారంగా లెక్కేసినా 2 శాతానికి చేరదు, బ్రాండ్ కార్డులన్నీ ఒకేలా ఉండవు. వద్దమ్మా, మామూలు 2 శాతం కార్డు తీసుకుని ఆ డబ్బు విడిగా ఒక సేవింగ్స్ అకౌంట్‌లో పడెయ్యమన్నాను. హైబ్రిడ్ క్యామ్రీనా, ర్యావ్4నా అన్నది వాళ్ళింట్లో ఇంకా తేలలేదు. రెండూ రెంట్‌కి తెచ్చి చూడమన్నాను, వచ్చే నెల రెండో శనివారం మొదటిది.